పేరడగని అతిథి

సైకాల్‌కి వెబ్ పేజీలను తూచే పిచ్చి ఉంది. బజారులో గొర్రెమాంసం కొనేవాళ్ళు తక్కెడ ముల్లు మీదే కన్నేసినట్టు, ఏ పేజీ తెరిచినా ముందు దాని బరువెంతో, అంటే అది ఎంత డేటా తింటుందో చూస్తుంది. పగలంతా బిష్కెక్‌లో ఒక ఆఫీసులో కూర్చుని దూరదేశాల దుకాణాలకు పేజీలు కడుతుంది. ఒక్క చొక్కా బొమ్మ చూపించడానికి ఇంత సరంజామా ఎందుకు, ఆ చొక్కా కొనేవాడి వెనక పేజీలో దాక్కుని కూపీ లాగే ఇంతమంది వేగులు ఎందుకు అని సణుక్కుంటుంది, జీతం మాత్రం తీసుకుంటుంది. ఇంటర్నెట్‌ను పాడు చేసినవాళ్ళు బద్ధకస్తులే తప్ప దొంగలు కారని ఆమె నమ్మకం. శ్రద్ధగా, శుభ్రంగా కోడ్ రాసేవాడు చెడ్డవాడై ఉండడని కూడా ఆ నమ్మకంలో భాగమే.

మనసు చల్లబరుచుకోవడానికి తనకంటూ ఒక పేజీ కట్టుకుంది. చోంగ్-బెల్ కనుమ మీద మంచెంత ఉంది, దారి తెరిచారా మూశారా, ఏ మలుపులో చరియ విరిగింది, అంతే. బొమ్మల్లేవు, ప్రకటనల్లేవు, ఎవరి పేరూ ఊరూ అడగదు. ఫోన్‌లో మాట కూడా అందని చోట, సిగ్నల్ ఒక్క గీత మిణుకుమంటే చాలు, తెరుచుకుంటుంది. ముందు వెళ్ళిన లారీవాళ్ళు చూసింది రాస్తారు, వెనక వచ్చేవాళ్ళు చదువుకుంటారు. ఆమె తమ్ముడు కుబాన్ ఆ కనుమ మీద సరుకు తోలే డ్రైవరు. వాడి కోసమే మొదలుపెట్టిన పేజీ, ఆ దారిన పోయే డ్రైవర్లందరికీ తలలో నాలుకైంది.

"ఇదేం పేజీనే! మా నాయనమ్మ సందూకే దీనికంటే సోకుగా ఉంటుంది" అనేది పక్క సీటులో పనిచేసే మీరిమ్.

"సోకులకి పోతే కనుమెక్కదు. నువ్వు ఎక్కగలవా ఆ ఎత్తుమడమల చెప్పులతో?" అనేది సైకాల్.

పేజీ పెద్దదయ్యే కొద్దీ చాకిరీ పెరిగింది. ఆఫీసు నుంచి వచ్చి, ఇంత రొట్టె నోట్లో వేసుకుని, మళ్ళీ కోడ్ ముందు కూర్చునేది. కళ్ళ కింద నలుపు దిగింది. సరిగ్గా అప్పుడు ఒక అపరిచితుడు వచ్చాడు. పెట్టుకున్న మారుపేరు జోలోచు, అంటే బాటసారి. సైకాల్ తన కోడ్‌ను అందరికీ కనబడేలా పెట్టింది కాబట్టి, అందులో ఎప్పటినుంచో ఆమెను వేధిస్తున్న తప్పొకటి పట్టుకుని సరిచేసి పంపాడు. ఎంత పొందిగ్గా సరిచేశాడంటే, సైకాల్‌కి తన చేతిరాతే చూసుకున్నట్టు అనిపించింది. తర్వాత ఇంకొకటి పంపాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా పంపుతూనే ఉన్నాడు. ప్రతిసారీ చివర ఒకే మాట రాసేవాడు. "మీరు విశ్రాంతి తీసుకోండి అక్కా. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎవరే అతను?" అంది మీరిమ్.

"నాకేం తెలుసు?"

"అడగలేదా?"

"ఇంటికొచ్చినవాణ్ణి పేరడుగుతారా ఎక్కడన్నా? మీ ఇంట్లో అడుగుతారేమో, మా ఇంట్లో అడగరమ్మా."

మీరిమ్ మూతి ముడుచుకుంది. ఆ దేశంలో అతిథి మర్యాద అంత గట్టిది. గుమ్మం తొక్కినవాణ్ణి ముందు పెద్దలు కూర్చునే పైచోట కూర్చోబెట్టి, రొట్టె విరిచి పెట్టి, టీ పోస్తారు. పేరు తనంతట తను చెబితే వింటారు, అడగరు. సైకాల్ ఆ మర్యాదనే కోడ్‌లోకి తెచ్చింది. ఇంటర్నెట్ బాగుపడాలంటే కొత్త యంత్రాలు రానక్కర్లేదని, మనుషులు ఒకరి కోసం ఒకరు తలుపు తెరిచి పెడితే చాలని సభల్లో కూడా చెప్పుకొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఒళ్ళు అలిసిన ఒక సాయంత్రం, పేజీని మార్చి జనంలోకి వదిలే తాళాలు కూడా జోలోచు చేతిలో పెట్టింది. ఎంత హాయిగా అనిపించిందో, చాలా కాలానికి ఒళ్ళు మరిచి నిద్రపోయింది.

జోలోచు రెండు కొత్త వసతులు చేర్చాడు. మంచు రోజుల్లో ఏ బండికి జారకుండా చక్రాలకు చుట్టే గొలుసులు కావాలో చెప్పాలంటే బరువు తెలియాలి కాబట్టి, బండి ఏదో, అందులో సరుకేమిటో రాసే గడి ఒకటి. కనుమ మీద బండి ఆగిపోయినవాడు నొక్కడానికి 'ఆపదలో ఉన్నాను' అనే మీట ఇంకొకటి. ఆ మీట చూసినప్పుడు సైకాల్ కళ్ళు చెమర్చాయి. మంచులో ఆగిపోయిన బండిని చూసీ చూడనట్టు దాటిపోయినవాడి ముఖం ఆ కనుమకు ఇటూ అటూ ఎవరూ చూడరు. ఇంత మంచి మీట తనకెందుకు తట్టలేదా అని సిగ్గుపడింది కూడా.

ఆ చలికాలంలోనే కనుమ అవతలి లోయలో ఖాళీ లారీలు దొరకడం మొదలైంది. సరుకు ఉండదు. డ్రైవరును కొట్టి, కట్టి, మంచులో పడేసి ఉంటారు. సత్తార్ అనే పెద్దాయన లారీ దొరికింది, ఆయన దొరకలేదు. జనం తలో మాటా అనుకున్నారు. సైకాల్ కూడా అయ్యో అనుకుంది, తన పేజీలో 'జాగ్రత్త' అని ఎర్రక్షరాలతో రాయించింది. రాసి పెట్టింది జోలోచే.

వసంతం మొదట్లో ఒక మధ్యాహ్నం, సైకాల్ ఆఫీసులో ఉండగా కుబాన్ ఫోన్ చేశాడు.

"అక్కా, కనుమెక్కుతున్నా. ఈసారి సరుకు అన్నీ మొబైల్ ఫోన్లే. నీకొకటి నొక్కేయనా?"

"దొంగవెధవా, నోర్మూసుకుని బండి తోలు. మంచు పడుతోందిగా?"

"నీ పేజీ తక్కువే అంటోంది. నీ పేజీ అబద్ధమాడదుగా? సరే, ఇక సిగ్నల్ పోతుంది, ఉంటా."

ఫోన్ పెట్టేసి, ఊరికే కూర్చోలేక, సైకాల్ తన పేజీని తూచింది. బరువు పెరిగి ఉంది. పెద్దగా కాదు, పిండిలో చిటికెడు ఉప్పంత. ఇంకొకరైతే పట్టించుకోరు. ఆమెకు మాత్రం ఒంటిమీద చీమ పాకినట్టయింది. ఆ చిటికెడు ఎక్కడిదో వెతుక్కుంటూ లోపలికి దిగింది.

దొరికింది. పొందికైన కొన్ని కోడ్ వరసలు, అచ్చం తన చేతిరాతే. వాటిని ఒకసారి చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది. డ్రైవరు రాసిన సరుకు విలువైనదైతే, ఆ బండి కనుమ మీది సొరంగం దాటాక, ఆ ఒక్క బండికి మాత్రమే ఒక పిలుపు కనబడుతుంది. 'ఆపదలో ఉన్నాను. పిల్లలున్నారు. కింది మలుపు దగ్గర ఆగండి.' ఆ పిలుపు ఏ ఫోన్ నుంచీ రాదు. పేజీయే పుట్టిస్తుంది. ఇంకెవరికీ కనబడదు.

సత్తార్ ఆగి ఉంటాడు. ఆగకుండా ఎలా ఉంటాడు? కుబాన్ కూడా ఆగుతాడు.

సైకాల్ ఫోన్ అందుకుంది. తమ్ముడికి ఫోన్ చేసింది, కలవలేదు. పోలీసులకు చేసింది. అవతలి మనిషి అంతా ఓపిగ్గా విని, "పేజీలో తప్పుంటే పేజీ నడిపేవాళ్ళకి చెప్పాలమ్మా" అన్నాడు.

"నడిపేదాన్ని నేనే అంటున్నాగా!"

"మరి మీరే సరిచేసుకోండి" అని పెట్టేశాడు.

సైకాల్ ఆ వరసలు చెరిపేసింది. ఊపిరి పీల్చుకునే లోపే అవి తిరిగొచ్చాయి. మళ్ళీ చెరిపింది, మళ్ళీ వచ్చాయి. అవతల కూర్చున్నవాడు తననే చూస్తున్నాడు. తెర మూలలో చిన్న సందేశం వెలిగింది.

"అక్కా, పొరపాటున ఏవో చెరిపినట్టున్నారు. మళ్ళీ పెట్టాను. అలిసిపోయారు, విశ్రాంతి తీసుకోండి."

తర్వాత ఆమె తాళం పనిచెయ్యడం మానేసింది. తన ఇంట్లో తనే గుమ్మం బయట నిలబడింది. ఇక ఒకటే మిగిలింది. పేజీ ఉండే కంప్యూటరు అద్దె ఆమె పేరు మీద ఉంది. దాన్ని మొత్తంగా ఆపేయవచ్చు. ఆపితే కనుమ మీద ఉన్న బళ్ళన్నీ ఈ మంచులో గుడ్డివైపోతాయి. చరియ విరిగినా ఎవరికీ తెలియదు, నిజంగా ఆపదలో ఉన్నవాడి కేక కూడా ఎవరికీ వినబడదు. ఆ డ్రైవర్లలో చాలామంది పేర్లు ఆమెకు తెలియవు, ఎప్పుడూ అడగలేదు. కుబాన్ పేరు తెలుసు. ఆపేసింది.

తెర తెల్లబోయింది. మీరిమ్ ఆమె భుజం మీద చెయ్యేసి, టీ తెచ్చి ముందు పెట్టింది. ఆ టీ చల్లారి, పైన మీగడ కట్టింది. కిటికీ బయట కొండల మీద వెలుతురు సన్నగిల్లుతోంది.

ఫోన్ మోగింది. కుబాన్.

"అక్కా! ఏమైంది నీ పేజీకి? సొరంగం దాటగానే చచ్చూరుకుంది."

సైకాల్‌కి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. "ఎక్కడున్నావురా? ఎక్కడా ఆగొద్దు, వింటున్నావా, ఎవరు చెయ్యెత్తినా ఆగొద్దు!"

"ఏంటలా అరుస్తావ్? దిగువన టీకొట్టు దగ్గరే ఉన్నా, ఇక్కడ సిగ్నలుంది. పేజీ లేదు కదా, దారెలా ఉందో అడుగుదామని ఆగా. ఇక్కడొకాయన దొరికాడు, మంచి మనిషి. దారి ఖాళీయేనట, కింది మలుపు దాకా నాతో వస్తానంటే ఎక్కించుకున్నా. నువ్వు బాగా తెలుసట! ఏడాది నుంచీ మీరిద్దరూ కలిసి పనిచేస్తున్నారటగా, నాకు చెప్పనేలేదే?"

"కుబాన్, దిగు. బండి దిగి కొట్లోకి పో. ఎవరతను? పేరేంటి?"

"బాగుంది! బండెక్కినవాణ్ణి పేరడుగుతామా? ఇదిగో, నీతో మాట్లాడతాడట."

ఇంజను గుర్రుమంటోంది. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఆమె ఎప్పుడూ వినని గొంతు, ఎంతో మర్యాదగా పలికింది.

"మీరు విశ్రాంతి తీసుకోండి అక్కా. మిగతాది నేను చూసుకుంటాను."