ఒటీలియా ఏమంటుంది?

"నీకు ట్యూషనేంటే? ఈ ఇంటికి ఇంగ్లీషంటేనే నువ్వు కదా," అన్నాడు నొర్బెర్తు, రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

ఒటీలియా సూపులోకి ఆకుకూర సన్నగా తరుగుతోంది. మెచ్చుకున్నట్టే ఉండి కాళ్లకు అడ్డం పడే మాటలు మొగుడి దగ్గర చాలా ఉన్నాయి, ఇదొకటి. వాన పడితే పైకప్పులు వేసే పని ఉండదు, అందుకే శుక్రవారం పొద్దున్నే ఇంట్లో తిష్ఠ వేశాడు. అతనితో పనిచేసే వాళ్లంతా తమలాగే పోర్చుగీసు వాళ్లే. కెనడాలోని ఈ హామిల్టన్ వచ్చి ఇరవై రెండేళ్లయినా ఆ మనిషికి ఇంగ్లీషుతో పని పడలేదు. పడిన ప్రతిచోటికీ పెళ్లాన్ని పంపాడు. బ్యాంకులో ఆమె, కొడుకు రూబెన్ బడిలో ఆమె, అత్తగారి మోకాలి డాక్టరు దగ్గర ఆమె. వృద్ధాశ్రమంలో ఆయా ఉద్యోగానికి మంగళవారం సెలవు కాబట్టి ఇంటిల్లిపాది పనులూ మంగళవారానికే పోగుపడతాయి. అందరూ దాన్ని ఇప్పటికీ ఆమె సెలవనే అంటారు.

నలభై నాలుగేళ్లకు ఆమెకు నర్సు అవ్వాలనిపించింది. నర్సులు చెప్పిన పని చేసీ చేసీ, ఆ పని తనకూ వచ్చునని తెలిసిపోయింది. కాలేజీలో సీటు కావాలంటే పన్నెండో తరగతి ఇంగ్లీషులో డెబ్బై రావాలి. పెద్దవాళ్ల బడిలో చేరింది. మొదటి వ్యాసానికి యాభై ఎనిమిది వచ్చాయి. జూన్‌లోగా ఆ పన్నెండు మార్కులు పెరగకపోతే సీటు లేదు.

పడవ అమ్ముకున్న ఒక తండ్రి కథ మీద రాయమన్నారు. తండ్రి ఎందుకు అమ్మాడో, కొడుకు ఎందుకు అలిగాడో, కొన్నవాడు ఏమన్నాడో మూడు పేజీలు రాసింది. ఒక్క తప్పు లేదు. టీచరు మాత్రం కింద ఎర్ర సిరాతో రాశాడు: "అందరూ ఏమన్నారో చక్కగా చెప్పారు. మీరేమంటారు?"

మొదట ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆమె నోరు ఇంట్లోవాళ్ల మాటలు మోస్తోంది. అత్తగారు నొప్పంటే నొప్పంది, మొగుడు వద్దంటే వద్దంది. ఒకే ఒక్కసారి, రక్తపోటు ఎందుకు తగ్గట్లేదని డాక్టరు అడిగితే, ఈవిడ ఉప్పుచేప సరిగ్గా నానబెట్టకుండా తింటుందని సొంతంగా ఒక ముక్క కలిపింది. అత్తగారు దెయొలిందాకి ఇంగ్లీషు రాకపోయినా మాటలు రెండు ఎక్కువయ్యాయని పసిగట్టింది. "నేను చెప్పింది చెప్పు అమ్మాయ్, నీ కవిత్వం ఎవడిక్కావాలి?" అంది బస్సులో, పదిమందీ వినేలా. ఆ రోజు నుంచి ఒటీలియా ఏమీ కలపలేదు. అలా మానేసిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది.

"రూబెన్ని అడగరాదూ? వాడు దిద్దిపెడతాడు," అన్నాడు నొర్బెర్తు.

రూబెన్‌కి లెక్కలు రాకపోతే రెండో రోజే మాస్టార్ని వెతికారు. 'నీకెందుకురా' అని వాణ్ణెవరూ అడగలేదు. దిద్దడానికి ఒటీలియా ఇంగ్లీషులో తప్పుల్లేవు. ఎదురుగా కూర్చుని 'మీరేమంటారు' అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగే మనిషి కావాలి. ఈ ఇంట్లో అలా ఆగేవాళ్లు లేరు. రిటైరైన టీచరు కొవల్చుక్ లైబ్రరీలో ట్యూషను చెబుతుంది. మంగళవారం పదింటికి ఒక్కటే ఖాళీ ఉంది, ఈ మధ్యాహ్నంలోగా చెప్పమంది.

ఫోను మోగింది. మోకాలి డాక్టరు ఆఫీసు నుంచి.

"మంగళవారం పదింటికి రమ్మంటున్నారు," అంది ఒటీలియా, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి.

"వస్తామని చెప్పు," అంది దెయొలిందా చిక్కుడు గింజలు వలుస్తూ.

"చెప్పెయ్, వాళ్లు ఆగరు," అన్నాడు నొర్బెర్తు.

ఒటీలియా కత్తి పక్కన పెట్టి, ఫోనులో ఇంగ్లీషులో అంది: "మంగళవారం నాకు కుదరదండీ. ఇక ఏ మంగళవారమూ కుదరదు. గురువారం సాయంత్రం ఇవ్వండి. పని అయ్యాక ఆవిడ కొడుకు తీసుకొస్తాడు." అవతలి పిల్ల సరే అని రాసుకుంది. అంత తేలిగ్గా జరుగుతుందని ఒటీలియాకి తెలియదు. చెయ్యి అప్పటికే కొవల్చుక్ నంబరు నొక్కుతోంది.

అత్తగారు గింజలు వలవడం ఆపింది. "ఒక్క 'సరే'కి అంతసేపా? వాళ్లేమన్నారు అమ్మాయ్?"

"వాళ్లేమీ అనలేదు అత్తయ్యా. అన్నది నేనే."