కారు తలుపులో ఏడు కాయితాలు

ఆ శనివారం హనుమకొండలో రాంచందర్ సేటు ఇంట్లో ఉన్నది నలుగురు: సేటు, భార్య శకుంతల, కూతురు విజయలక్ష్మి, వంట చేసే మల్లక్క. వాకిట్లో మరో ఇద్దరు: ధర్మసాగర్ నుంచి సైకిల్ మీద వచ్చిన కారు మెకానిక్ ఏలియా, వెనక కూర్చొని వచ్చిన అతని కూతురు రూతు.

ఏలియా వారం వారం వచ్చి అంబాసిడర్ కారు చూసిపోతాడు. అతని పని అయ్యేదాకా ఆడపిల్లలిద్దరూ మెట్ల మీద అచ్చనగాయలు ఆడుకునేవాళ్లు. ఎండాకాలంలో శకుంతల, మెకానిక్ బిడ్డతో ఆటలేందని, అది మాన్పించింది. "చెప్పేది కాయితం మీద రాసి కారు అద్దం సందుల పెట్టు. నేను తీసుకుంట," అని విజయలక్ష్మి రూతు చెవిలో చెప్పింది. నలుగురిలో నోరు పెగలని రూతుకు అదే మేలనిపించింది. వారానికో కాయితం మడిచి పెట్టింది. మళ్లీ వచ్చేసరికి అది అక్కడ ఉండేది కాదు. చదివిందనే అనుకుంది. జవాబు మాత్రం లేదు. ఆరు వారాలు చూసి చూసి, ఏడో కాయితంలో ఒక్క మాటే రాసింది: "నువ్వు నాకు అక్కర్లేదు."

ఇవాళ ఆ అద్దం దిగడం లేదు.

"నిన్నటిసంది గింతే, ఏలియా! ఉక్కపోతకు సస్తున్నం," అన్నాడు సేటు.

"గేరు పండ్లు అరిగినయేమో, చూస్త సేటూ." ఏలియా తలుపు రేకుకు చెవి ఆనించాడు. "బిడ్డా, పిడి జర మెల్లగ తిప్పు."

రూతు తిప్పింది. అద్దం బెత్తెడు దిగి ఆగింది.

"పండ్లు అరిగితే కిరకిరమంటది. ఇది మెత్తగ ఆగుతాంది. లోపల ఏదో పడ్డది."

రూతు పిడి వదిలేసింది. "గేరే కావచ్చు నాయినా," అంది.

తండ్రి పనిలో ఆమె ఎన్నడూ నోరు పెట్టలేదు. ఏలియా వింతగా చూసి, మరలు విప్పి, తలుపు లోపలి అట్ట తీశాడు. చెయ్యి దూర్చి, పండ్ల మధ్య ఇరుక్కున్న కాయితాన్ని లాగాడు. దాని కింద ఇంకోటి. ఇంకోటి. గ్రీజు అంటి నల్లబడ్డాయి గాని, ఒక్కదాని మడతా ఎవరూ విప్పినట్టు లేదు.

"ఇది కారా, పోస్టు డబ్బానా!" సేటు నవ్వాడు.

విజయలక్ష్మి మెట్లు దిగి ఉరికొచ్చింది. "రాసినవానే! నేను సీటు కింద గూడ దేవులాడిన," అంటూ తండ్రి చూస్తుండగానే మొదట చేతికందిన కాయితం తీసుకుంది. మొదట బయటికొచ్చింది రూతు ఆఖరున రాసినది.

అది కాదు, కిందిది ముందు చదువు. అలా అనుకుంటూ రూతు మిగిలినవి ఏరుకుంది.

ఒక్క మాట చదవడానికి ఎంతసేపు? విజయలక్ష్మి కాయితాన్ని ఉన్న మడతల మీదే మడిచి, కారు మీద పెట్టి, మెట్లెక్కింది.

మిగిలిన ఆరింటినీ పట్టుకొని రూతు వెనకే గడప దాకా వెళ్లింది. "విజయా," అంది. కాయితాలున్న చెయ్యి ముందుకు చాచింది.

విజయలక్ష్మి ఆ చేతిని చూసింది. తలుపు వేసుకుంది.