తలవైపు మనిషి

వెచ్చమ్మ వేడినీళ్ళ కుళాయి కింద రెండు చేతులూ పెట్టి, మణికట్టు దాకా ఎర్రబడేవరకూ అలాగే ఉంచింది. ఆపరేషన్ థియేటర్‌లో అందరూ శుభ్రం కోసం చేతులు కడుగుతారు. ఆమె కాచుకోవడానికి కూడా కడుగుతుంది. లోపలి చలికీ, భయానికీ ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళ చేతులు మంచుముక్కలై ఉంటాయి. పట్టుకునే చేతులు కూడా చల్లగా ఉంటే ఇక లాభమేముంది? ఆ వెచ్చని చేతుల వల్లే వెచ్చమ్మ అన్న పేరొచ్చింది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలకదు.

పొట్టి మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు స్ట్రెచర్లు తోసి తోసి కుడి భుజం ముందుకు వంగింది. ఉత్త చేతులతో నడుస్తున్నా ఏదో బండిని తోస్తున్నట్టే ఉంటుంది. ఈ సాయంత్రం నాలుగింటితో ఆమె ఉద్యోగం ముగుస్తుంది.

వార్డులో కాన్పుకు చేరిన టీచరమ్మ పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, నాలుక పిడచగట్టుకుపోయి కూర్చుని ఉంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంది కనుక రెండు వారాల కిందటే ఆపరేషన్‌కు తేదీ పెట్టారు. అన్ని రోజులు ముందే తెలియడం వల్ల ధైర్యమేమీ పెరగలేదు, భయపడటానికి తీరిక దొరికిందంతే. భర్త పక్కన నిలబడి, సంతకాలు పెట్టిన కాగితాలనే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు.

వెచ్చమ్మ ఆమెను స్ట్రెచర్ మీదికి ఎక్కించి, దుప్పటి గడ్డం దాకా కప్పి, దారిపొడవునా నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ముందు కూర్చోబెడతారు, దిండును కావిలించుకుని నడుం విల్లులా వంచాలి, సూది చీమ కుట్టినంతే. తరవాత కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, ఎవరివో అన్నట్టుగా అయిపోతాయి. మూత్రానికి గొట్టం పెడతారు, అది తెలియదు. ఛాతీ దగ్గర తెర కడతారు. పది నిమిషాల్లో బిడ్డ బయటికొస్తుంది, కుట్లకు మాత్రం ముప్పావుగంట పడుతుంది. తరవాత వణుకు పుడితే కంగారుపడొద్దు.

“కోస్తుంటే తెలుస్తుందా?” అంది టీచరమ్మ.

“లాగడం, నొక్కడం తెలుస్తుంది. నొప్పి ఉండదు. పక్కింటివాళ్ళు బీరువా జరుపుతుంటే మన గోడకి తెలుస్తుంది చూడండి, అలాగ.”

టీచరమ్మ నవ్వబోయి ఆగింది.

ఈ పని వెచ్చమ్మకు ఎవరూ అప్పగించింది కాదు. నడవాలు తుడవడానికి చేరింది. అప్పట్లో థియేటర్‌కు ఏసీ లేదు, కిటికీ ఉండేది. అద్దం అవతల పావురాలు కువకువలాడేవి. గాజు సిరంజీలు గిన్నెలో మరుగుతూ టకటకమనేవి. ఇప్పుడు రిటైరైపోయిన పాత డాక్టరమ్మ ఒకరోజు, వణుకు ఆపుకోలేక బల్ల మీద ఎగిరెగిరి పడుతున్న, కాన్పుకొచ్చిన పిల్లను చూసి, గుమ్మంలో చీపురుతో నిలబడ్డ ఈమెను పిలిచింది. చేతులు కడుక్కుని వచ్చి ఆ పిల్ల తలవైపు నిలబడమంది. ఆ రోజు నిలబడింది, మళ్ళీ కదల్లేదు. కిటికీ మూసి గోడ కట్టేశారు, డాక్టర్లు మారారు, తలవైపు మనిషి మారలేదు. ఒక్కోసారి పని మధ్యలో ఆ పావురాల చప్పుడు వినబడ్డట్టే ఉంటుంది ఆమెకు.

మత్తు డాక్టరు సూది వేస్తుంటే టీచరమ్మ నుదురు వెచ్చమ్మ భుజానికి ఆనించి, చెప్పినట్టే వంగింది. పడుకోబెట్టాక తడి దూదితో పొట్ట మీద తాకి, చల్లగా ఉందా అని అడిగారు. లేదంది. తెర లేచింది. పెద్ద డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. వెచ్చమ్మ వంగి, ఇప్పుడు నొక్కుతారు, ఇప్పుడు లాగుతారు అని చెవిలో చెబుతూనే ఉంది. లాగారు. బిడ్డ బయటికొచ్చింది.

ఏడుపు రాలేదు.

మెషీన్ కూత ఒక్కటే వినబడుతోంది. టీచరమ్మ కళ్ళు పైకెత్తి, తలకిందులుగా కనబడుతున్న వెచ్చమ్మ మొహాన్ని చూసింది.

“ఏడవలేదేం?”

అన్నీ చెప్పిన వెచ్చమ్మ ఇదొక్కటీ చెప్పలేదు. ఎవరికీ చెప్పదు. ఏమీ కాదు అనేస్తే సరిపోయేది, కానీ తలవైపు నిలబడి ఆమె ఎన్నడూ అబద్ధమాడలేదు.

“చూస్తున్నారమ్మా. పిల్లల డాక్టరు దగ్గరే ఉన్నాడు. వీపు రుద్దుతున్నాడు. ముక్కులో నీళ్ళు తీస్తున్నాడు. నా చెయ్యి పట్టుకో.”

‘మీరు’ అనడం మరిచిపోయింది. తన వేళ్ళు చల్లబడిపోవడం ఆమెకే తెలుస్తోంది. ఎంతసేపో లేదు, అర నిమిషం. అప్పుడు గది మూల నుంచి చిన్న దగ్గు, దాని వెనకే తలుపు కీచుమన్నట్టు ఒక ఏడుపు, ఆపైన థియేటర్ దద్దరిల్లేలా ఇంకొకటి. ఆడపిల్ల. తుడిచి తెచ్చి తల్లి చెంపకు ఆనించగానే ఊరుకుంది.

కుట్లు వేస్తుండగా టీచరమ్మ వణుకుతూనే అడిగింది, మీ పిల్లలు ఇలాగే పుట్టారా అని. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట. అక్కడ పడుకున్నవాళ్ళకు అవతలివాళ్ళ సంగతి ఎందుకు గుర్తొస్తుంది?

“ఒక్కతే కూతురు. ఇక్కడే, ఆపరేషనే. నాకు పూర్తి మత్తు ఇచ్చారు. మెలకువొచ్చేసరికి సాయంత్రమైంది. పిల్ల అప్పటికే ఏడ్చి, పాలు తాగి, మా అత్తగారి ఒళ్ళో నిద్రపోతోంది. ఎలా ఏడ్చింది అత్తయ్యా అని అడిగాను. అందరు పిల్లలూ ఏడ్చినట్టే ఏడ్చిందిలే అంది.”

టీచరమ్మ నుదురు నిమురుతూ, “అందరూ ఒకేలా ఏడవరమ్మా. ఇన్ని వేలు విన్నాను, ఒక్కటీ ఇంకోదానిలా లేదు. మా పిల్లది ఎలా ఉండేదో అనుకుంటాను, అంతే,” అంది. గొంతులో బాధ లేదు. పాత ఇంటి గది ఏ రంగులో ఉండేదో గుర్తు చేసుకుంటున్నట్టుగా ఉంది.

టీచరమ్మ ఆ చేతిని తన చెంప కిందికి లాక్కుంది.

మధ్యాహ్నానికి మత్తు దిగి టీచరమ్మ కాలి బొటనవేలు కదిలింది. వెచ్చమ్మ వెళ్ళి చూసి, దగ్గొస్తే కుట్ల మీద దిండు నొక్కిపట్టుకోమని, రేపు లేచి నడవమన్నప్పుడు తిట్టుకుంటూ అయినా నడవమని చెప్పి వచ్చింది. నాలుగింటికి అందరూ టీ, బిస్కెట్లతో చేరారు. సూపరింటెండెంటు కాగితం చూసి ఆమె అసలు పేరు చదివితే, కొత్త నర్సులు ఎవరా అని అటూ ఇటూ చూశారు. వెచ్చమ్మ కూడా చూసింది. అందరూ నవ్వారు.

మాట్లాడమన్నారు. కప్పు కడిగి బోర్లించి, ఇంకా మాటలు సాగుతుండగానే, వెనక గుమ్మంలోంచి ఆ తోస్తున్న నడకతోనే వెళ్ళిపోయింది.

మిగిలిన బిస్కెట్లు కట్టిద్దామని థియేటర్ సిస్టరు బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళింది. ఎవరూ లేరు. కొక్కేనికి వెచ్చమ్మ ఇంట్లో కుట్టుకుని థియేటర్‌లో పెట్టుకునే గుడ్డ టోపీ వేలాడుతోంది. ఉతికి ఉతికి వెలిసిన ఆకుపచ్చ. వెనకనున్న నాడా ముడిలో చిక్కుకుని ఒక పొడవాటి తెల్ల వెంట్రుక.