ఎవరూ తినని తేయాకు

పట్టపగలు, నాలుగొందల మంది చూస్తుండగా, కుట్టు మిషన్ల మధ్య నుంచి ఖిన్ చోను జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు సైనికులు. ఆమె చేసిన నేరమల్లా ఒక్కటే. "మా చొక్కాలు కొనకండి, ఆ డాలర్లతోనే దేశాన్నేలే జనరళ్ళు మమ్మల్ని కాలుస్తున్నారు" అని విదేశీ కంపెనీకి ఉత్తరం రాయించింది.

ఆమె పేరు చెప్పిందెవరు? లైంతాయా పారిశ్రామికవాడలోని ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆ రోజు నుంచి ఎవరూ ఎవర్నీ నమ్మలేదు. ఖిన్ చో చెల్లెలు చో జిన్‌కి అందరి మీదా అనుమానమే. మరీ ముఖ్యంగా తమ లైను పెద్ద ఓన్ మే పిన్ని మీద. అన్నాల దగ్గర ఆవిడ నోరు ఊరుకునేది కాదు మరి.

"ఆంక్షలట, ఆంక్షలు! కంపెనీ పోతే జనరల్ పెళ్ళాం పస్తుంటుందా? నీ పిల్లలూ, నా పిల్లలూ ఉంటారు."

"ఇప్పుడు మాత్రం కడుపునిండా తింటున్నామా పిన్నీ?" అనేది చో జిన్.

"మన మీద జాలితో పోతారనుకుంటున్నావే, ఆ తెల్లోళ్ళు?"

"వాళ్ళ జాలి ఎవడిక్కావాలి? తుపాకులకు పోయే డబ్బు ఆగాలి."

మూడో రోజు మధ్యాహ్నం మేనేజరు ఆ లైనులోని అరవై మందినీ భోజనాల గదికి పిలిచాడు. బల్ల మీద పళ్ళెం నిండా ఊరబెట్టిన తేయాకు, వేయించిన వెల్లుల్లి, వేరుశనగలు. ఆ దేశంలో ఒకే పళ్ళెంలోంచి తేయాకు తిన్నారంటే తగువు తీరిపోయినట్టే. పక్కనే విదేశీ కంపెనీకి పంపే కాగితం. 'మేం సంతోషంగా ఉన్నాం, ఆంక్షలు వద్దు.'

"తిని సంతకాలు పెట్టండమ్మా. చో జిన్, ముందు నువ్వు. సాయంత్రానికి మీ అక్క ఇంట్లో ఉంటుంది, నాది పూచీ."

అక్క! చో జిన్ చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగింది.

"ఫోనులో అక్క గొంతు వినిపించండి సారూ. ఒక్క మాట చాలు."

"అదెలా కుదురుతుంది?"

"అసలు బతికే ఉందా?"

అతను కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. పాపం, సైనికుల్ని ఆ మాట అడిగే ధైర్యం అతనికీ లేదు! చో జిన్ పళ్ళేన్ని పక్కకు తోసింది. పక్కామె ఇంకో పక్కకు తోసింది. అరవై చేతులు మారినా ఒక్క వేరుశనగ తగ్గలేదు. చివర్న ఓన్ మే. అందరూ ఆవిడ చేతినే చూస్తున్నారు.

ఆవిడ పళ్ళేన్ని మేనేజరు ముందుకు నెట్టేసింది. చో జిన్ వైపు తిరిగి భోరుమంది.

"పేరు చెప్పింది నేనేనే తల్లీ! పిలిచి మందలించి పంపేస్తామన్నారు, మన ఉద్యోగాలు పోవన్నారు. నమ్మి చచ్చాను."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించి, చో జిన్ కలం ఆవిడ ముందు పెట్టింది. "నిన్ను క్షమించను పిన్నీ. ఆ కాగితం తిరగేసి రాయి."

అక్క రాయించిన మాటలే మళ్ళీ రాశారు. కింద పేర్లన్నీ పెట్టారు. ఫోటో తీసి కంపెనీకి పంపేశారు. అప్పటికే బయట సైనికుల బూట్ల చప్పుడు.

ఆఫీసరు కాగితం లాక్కున్నాడు. "ఈ మొదటి పేరెవత్తిది?"

"ఖిన్ చోది!" అన్నారు అరవై మంది.

"అదిక్కడ లేదుగా!"

"తీసుకెళ్ళింది నువ్వే!" చో జిన్ ముందుకొచ్చింది. "ఎక్కడుందో నువ్వే చెప్పు!"

పక్క షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మూడొందల నలభై మంది గుమ్మం దాకా వచ్చి అదే మాట అడిగారు.