లేడీలా కూర్చోవడం

రొట్టెల దుకాణం వెనకగదిలో, మోచేతుల దాకా పిండి పూసుకుని ఎనిడ్ పిండి తొట్టిమీదికి వంగింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి పెళ్ళి ఉంగరం ఎప్పుడో తీసెయ్యాల్సి వచ్చింది. పిడికిళ్ళు దించడం, ముద్దను మడవడం, తిప్పడం, మళ్ళీ దించడం. కొత్త కాపురంలో మొదలుపెట్టిన పని, మొగుడు పోయినా ఆపలేదు. కిటికీ అవతల ఇంగ్లండులోని ఆ యార్క్‌షైర్ ఊళ్ళో వాన సన్నగా కురుస్తోంది. చేతుల కింద ముద్ద వెచ్చగా కదులుతుంటే ఆమెకు సగం నిద్రే. తానెక్కడుందో కూడా గుర్తుండదు. అదే ఆమెకిష్టం.

దుకాణం యజమాని సగ్డెన్ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఎనిడ్ ఎత్తుకు తిప్పిన పిల్లవాడే, చెడ్డవాడు కాదు పాపం. పిండి కలిపే యంత్రం రేపు వస్తోంది, ఆ సంగతి నిన్నే చెప్పాడు. మిగతా సగం ఇవాళ చెప్పాలి.

"నీ చేతులు అరిగిపోయాయమ్మా. ఇంక ఇంట్లో హాయిగా లేడీలా కూర్చో."

ఎనిడ్ తలెత్తలేదు. ఇంట్లో కుర్చీ ఉంది గానీ, అందులో ఊరికే కూర్చోవాలంటే ఆమెకు భయం.

రొట్టె కోసం వచ్చిన మిస్ లమ్, ఊరి బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, ఆ మాట విని నవ్వింది. వెయ్యేళ్ళ కిందట ఇదే నేలమీద లేడీ అంటే రొట్టెపిండి పిసికే మనిషని చెప్పింది. ఇంటిల్లిపాదికీ రొట్టె పెట్టేది గనక ఇంటి యజమానురాలైందట, ఆ తరవాత బంగళా ఎక్కి చేతుల పిండి కడిగేసుకుందట. కాలం కలిసొస్తే మాటలూ అంతే, మనుషుల్లాగే.

"అయితే టీచరమ్మా, మన ఊరి పెద్ద బంగళాలో ఉండే లేడీగారు ఏపాటి పిండి పిసికారట?" అంది ఎనిడ్.

ముగ్గురూ నవ్వారు. సగ్డెన్ నవ్వు ముందుగా ఆగిపోయింది.

"మరి నన్ను లేడీలా ఉండమంటూ పిండి లాక్కుంటావేం బాబూ?"

ఈ ఒక్క ముద్దా తనే పూర్తిచేస్తానంది ఎనిడ్. సగ్డెన్ అలాగేనని టీ పెట్టడానికి వెళ్ళాడు.

మిస్ లమ్ వెళ్ళిపోయాక ఎనిడ్ మళ్ళీ వంగింది. లేడీ, లేడీ అని లోలోపల అనుకుంటూ పిసికింది. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ తల్లి, ఇంకా పేరు తెలియని ఆడవాళ్ళెందరో పిండి చేతులతో తొట్టి చుట్టూ చేరినట్టనిపించింది. వాళ్ళలో ఒకామె కాస్త జరిగి చోటిచ్చింది.

సగ్డెన్ టీ తెచ్చేసరికి ఎనిడ్ పిండి బస్తాకి చేరగిలబడి ఉంది. పిలిచాడు. భుజం తట్టాడు. టీ కింద పెట్టేసి, ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తొట్టిలో ముద్ద పొంగుతూనే ఉంది. ఆమె పిడికిళ్ళు దిగిన గుంటలు ఒక్కొక్కటే మెల్లగా పూడుతున్నాయి.