వీపు తిప్పిన పడవవాడు

ఏట్లో పడవ మునిగిన సంగతి మీద టగరి కట్టిన పాటలో పడవవాడు బిష్టు పేరు లేదు. బొమ్మలో అతని ముఖమూ లేదు. మునిగిపోతున్న పడవలో ఒక వీపు, పక్కన కల్లుకుండ, అంతే. "తెడ్డు ఎవరి చేతిలో ఉందో ఏటికి తెలుసు" అని పాడుతూ బొమ్మల పటాలు చూపించి బతికే పటువాల కోడలు టగరి ఆ వీపు మీద వేలు పెట్టి, ముందు కూర్చున్న బిష్టు వైపు ఓరగా చూసింది.

సంత ఘొల్లుమంది.

"ఏరా బిష్టూ, ఆ వీపు ఎవరిదిరా? మీ తాతదా?"

ఆ రోజు టగరి జోలె నిండా బియ్యం పడ్డాయి. మర్నాటి నుంచి బిష్టు పడవ ఎక్కేవాళ్ళు లేరు. జనం చుట్టూ తిరిగి వంతెన మీదుగా ఏరు దాటుతున్నారు.

మామ నిరాపద పటం చుడుతూ అడిగాడు. "వాడు తాగడం నువ్వు చూశావా?"

"రేవులో అనుకుంటుంటే విన్నాను. అయినా నేను పేరెత్తలేదుగా మామా!"

"నోరు చెప్పలేదు, బొమ్మ చెప్పలేదు, వేలూ చెప్పలేదు. మూడూ కలిసి వాడి కొంప ముంచాయి. మంచి తోడుదొంగల్ని పెంచావమ్మా!"



మళ్ళీ సంతలో పటం విప్పుతూ, పడవ ఉన్న గడి రాగానే టగరి అరచేత్తో బొమ్మను కప్పేసి, ఆ చరణం ఎగ్గొట్టింది. తలలన్నీ ఒక్కసారే బిష్టు వైపు తిరిగాయి. దాచిన చెయ్యి పోయినసారి వేలికంటే గట్టిగా అరిచింది.

బిష్టు లేచి వచ్చాడు. పటం చింపేస్తాడని జంకి ఆమె చెయ్యి తీసేసింది. కాయలు కాసిన వేలు అతను వీపు మీద కాదు, కింద నీళ్ళ మీద పెట్టాడు. చోటు నింపడానికి ఆమె గీసిన చెయ్యొకటి అక్కడ పైకి తేలి ఉంది.

"నేనున్నది ఇక్కడమ్మా. మునిగిపోతున్న ఒక ముసలామెను జుట్టు పట్టుకుని లాగుతూ ఉన్నాను. ఊఁ, పాడు."

వేలు అక్కడే ఉంది. జనం చూస్తున్నారు. టగరి నోరు తెరిచింది. ఆ చోటికి ఆమె దగ్గర పాట లేదు.

"ఆ అవ్వ బతికిందా అన్నా?" అని తల దించుకునే అడిగింది.

"పాట కట్టకముందు అడగాల్సిన మాట అది" అన్నాడు బిష్టు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.