బావ బిగించిన హీటరు

"షెడ్డులో ఎలుక చచ్చినట్టుందే. కంపు భరించలేకపోతున్నాం. ఆ హీటరు కూడా కాసేపు మండి ఆరిపోతోంది. నీకు వీలైతే ఒకసారి వచ్చి చూసిపో" అని అక్క ఫోన్ చేసింది.

చెల్లెలిది గ్యాసు పైపులు బిగించే పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. బయటివాళ్ళందరూ ఫిట్టరమ్మ అంటారు, ఇంట్లోవాళ్ళకీ ఆ పిలుపే అలవాటైపోయింది. చచ్చిన ఎలుక, ఆరిపోతున్న హీటరు, ఈ రెండు సంగతులూ ఒకే గుక్కలో వినేసరికి ఆమెకు అనుమానం తగిలింది. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయలుదేరింది.

అక్క మొగుడు సోఫాలు తయారుచేసే షెడ్డు నడుపుతాడు. పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క చెక్క చట్రాలు, ఒక పక్క కొండల్లా స్పాంజి, మధ్యలో కుట్టుమిషన్లు. అక్క కూడా అక్కడే ఒక మిషను మీద కూర్చుంటుంది. చలికాలం వచ్చిందని, ఎక్కడో మూసేసిన గోడౌన్ నుంచి బావ ఒక పాత గ్యాసు హీటరు తెచ్చాడు. పెట్టె లాంటిది, వెనక ఫ్యాను ఉంటుంది, పైకప్పుకు వేలాడదీస్తారు. దాన్ని తనే బిగించాడని, ఎవరినీ పిలవలేదని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నాడు.

ఫిట్టరమ్మ తలుపు తోయగానే ముందు గులాబీ సెంటు గుప్పుమంది. దాని కింద జిగురు కంపు. ఆ రెంటి కిందా, ముక్కు పుటాలకు అంటుకుపోయేట్టు, కుళ్ళిన గుడ్డు వాసన. కుట్టేవాళ్ళందరూ మూతులకు గుడ్డలు కట్టుకుని వంచిన తల ఎత్తకుండా పనిచేస్తున్నారు. స్పాంజి కోసే ముసలాయన, అందరూ స్పాంజి తాత అనే ఆయన, నేలమీద బోర్లా పడుకుని బల్లల కింద కర్రతో కెలుకుతున్నాడు.

"వచ్చిందండీ మా మరదలు, పైపుల మహారాణి!" అన్నాడు బావ. నోట్లో చూయింగ్ గమ్ చప్పరిస్తూ, చేతిలోని సెంటు సీసా మళ్ళీ ఒకసారి గాల్లోకి కొట్టాడు. "తాత ఎలుకను పట్టేలోగా నువ్వు నన్ను పట్టేట్టున్నావే."

ఆమె నవ్వలేదు. "అది ఎలుక కాదు, గ్యాసు. ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోకండి. వేసి ఉన్నది వేసి ఉన్నట్టే వదిలేసి, అందరూ బయటికి నడవండి. తాతా, లే."

ఆమె గొంతు విని అందరూ లేచారు. బావ మాత్రం "అబ్బో, అబ్బో" అనుకుంటూ వెనక వచ్చాడు. ఫిట్టరమ్మ షెడ్డు పక్కకు పరుగెత్తి గోడ మీదున్న మీటరు దగ్గర కాక్ తిప్పి గ్యాసు ఆపేసింది. తర్వాత తలుపులన్నీ బార్లా తెరిపించి, చలిలో అందరినీ ఎండ పడే చోట నిలబెట్టింది.

"గ్యాసుకు సొంత వాసన ఉండదు తాతా. లీకైతే మనకు తెలియాలనే ఆ కుళ్ళు కంపు కలుపుతారు. చచ్చిపోతార్రా బాబూ అని అది మొత్తుకుంటుంటే, మీరు దాని నెత్తిన సెంటు కొట్టారు."

"మేం కొట్టామా? ఆయన కొట్టాడు" అన్నాడు తాత గొణుగుతూ.

లోపల వాసన పూర్తిగా పోయాక ఆమె నిచ్చెన వేసుకుని ఎక్కింది. పైకప్పు నుంచి నాలుగు ఇనప కడ్డీలకు వేలాడాల్సిన హీటరు రెండు గొలుసులకు ఒక పక్కకు ఒరిగి వేలాడుతోంది. ఇనప పైపు గోడ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి హీటరు దాకా మొక్కలకు నీళ్ళు పట్టే ఆకుపచ్చ రబ్బరు గొట్టం. వేడికి మెత్తబడి, జిడ్డోడుతూ, దానిమీద స్పాంజి పొట్టు బూజులా పేరుకుని, ముట్టుకుంటే వేళ్ళకు అతుక్కుంటోంది. హీటరు పక్కన కాక్ లేదు. పైపులో కొట్టుకొచ్చే తుప్పు, తేమ దిగి నిలవడానికి ఉండాల్సిన, కిందికి దిగే చిన్న పైపు ముక్క లేదు. అందుకే చెత్త అంతా పోయి హీటరు లోపల అడ్డం పడి మంట ఆరిపోతోంది. ఇవన్నీ ఒక ఎత్తు. గొట్టం కొస దగ్గర బట్ట టేపు చుట్టి, ఆ టేపు మీద బూడిద రంగులో ఏదో ముద్ద మెత్తి ఉంది. ఆమె స్క్రూడ్రైవరుతో గీకి చూసింది. చూయింగ్ గమ్. నమిలిన పంటి గాట్లు ఇంకా అందులో కనబడుతున్నాయి.

"ఛీ!" అంది.

కింద నుంచి బావ ఇకిలించాడు. "పట్టుకుందిగా! నెల్లాళ్ళు పట్టుకుందా లేదా? నీలాంటివాళ్ళు దానికే పేద్ద పేద్ద పేర్లు చెప్తారు."

"నీ ఎంగిలి మీద ఇంతమంది ప్రాణాలు వేలాడదీశావు బావా."

"బావ ఎంగిలి మరదలికి చేదా ఏంటి?"

కుట్టేవాళ్ళలో ఒకరిద్దరు మొహమాటానికి నవ్వారు. అక్క తల దించుకుంది. ఫిట్టరమ్మ గొట్టం ఊడబెరికి, వెనక దొడ్లో ఉన్న చెత్తడ్రమ్ములో పారేసింది. చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకుంది. కొలతలు తీసుకుని, మీటరు దగ్గరి కాక్‌కు ఎర్ర గుడ్డ కట్టి, "పైపు, కాక్, మిగతా సామాను తేవాలి. నేను వచ్చేదాకా ఇది ఎవరూ తిప్పొద్దు" అని అందరికీ వినబడేట్టు చెప్పి వెళ్ళింది.

సామానుతో తిరిగి వచ్చేసరికి షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. లోపల మిషన్ల చప్పుడు, వాటి మీదుగా ఫ్యాను హోరు. మీటరు దగ్గరి కాక్‌కు ఎర్ర గుడ్డ లేదు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తోసింది.

ఆ గొట్టమే. చెత్తడ్రమ్ములోంచి ఏరి తెచ్చాడు. దానికి అంటుకున్న టీ పొట్టు కూడా తుడవలేదు. కొసన కొత్త గమ్ తెల్లగా మెరుస్తోంది.

"అరవకు, అరవకు" అన్నాడు బావ. "చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని వీళ్ళన్నారు. నువ్వొచ్చేదాకానే కదా అని..."

మాట పూర్తి కాలేదు. హీటరు పక్కన బుస్సుమంది. గొట్టం కొస జారి, అక్కడ నీలంగా ఒక మంట నాలుకలా లేచింది. కరిగిన రబ్బరు చుక్కలు చుక్కలుగా కిందనున్న స్పాంజి చుట్ట మీద పడ్డాయి. ఆ చుట్ట అక్క మిషను పక్కనే ఉంది.

బావ కాళ్ళకు బుద్ధి చెప్పాడు. అక్క కూర్చున్న స్టూలును తన్నుకుంటూ, అడ్డొచ్చిన తాతను భుజంతో నెట్టేస్తూ, అందరికంటే ముందు గడప దాటాడు. ఫిట్టరమ్మ "బయటికి! అందరూ బయటికి!" అని అరుస్తూనే మీటరు దగ్గరికి పరుగుతీసి కాక్ మూసింది. గ్యాసు ఆగడంతో పైన మంట తనంతట తనే చచ్చిపోయింది. ఆమె మళ్ళీ లోపలికి వచ్చేసరికి, స్టూలుతో పాటు కింద పడ్డ అక్క లేచి, పొగ చిమ్ముతున్న స్పాంజి చుట్టను కాలితో దొర్లించుకుంటూ గుమ్మం దాకా తెచ్చింది. ఇద్దరూ కలిసి దాన్ని వాకిట్లోకి నెట్టి బకెట్ల కొద్దీ నీళ్ళు కుమ్మరించారు. నల్లటి పొగ, కాలిన రబ్బరు కంపు. అక్క మోచేయి దోక్కుపోయి నెత్తురు కారుతోంది.

అప్పుడు వచ్చాడు బావ, చొక్కా సర్దుకుంటూ. "తలుపు తీసి పెడదామనే పరుగెత్తా. లేకపోతే అందరూ ఇరుక్కుపోయేవాళ్ళు" అన్నాడు.

తాత ఆయన కేసి చూసి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"తలుపు తెరిచే ఉంది" అంది అక్క. "నీ పెళ్ళాన్ని తొక్కుకుంటూ పోయావు నువ్వు."

ఇన్నేళ్ళ కాపురంలో అక్క మొగుణ్ణి 'మీరు' తప్ప మరో మాట అనగా చెల్లెలు వినలేదు.

"నువ్విక ఇందులో అడుగు పెట్టకు. బయట తిరిగి ఆర్డర్లు తే. సామాను తే. లోపలి పని నేను చూసుకుంటాను" అంది అక్క. అరవలేదు. కొంగుతో మోచేయి అదుముకుని లోపలికి వెళ్ళి, నిచ్చెన పట్టుకుని నిలబడింది.

ఫిట్టరమ్మ పని మొదలుపెట్టింది. గొలుసులు తీసేసి, హీటరు లోపల అడ్డుపడ్డ చెత్త దులిపి, దాన్ని నాలుగు కడ్డీలకు తిన్నగా, ఒరగకుండా వేలాడదీసింది. దాని బరువు పైపు మీద కొంచెం కూడా పడకూడదు. ఇనప పైపును గోడకు క్లాంపులతో పట్టించి, హీటరు దాకా తెచ్చి, చేతికి అందే చోట కాక్ బిగించింది. కాక్ దాటాక, రేపు ఎప్పుడైనా విప్పాల్సి వస్తే విప్పడానికి యూనియన్ అనే జోడింపు ముక్క. హీటరు ముందు చెత్త దిగే ఆ చిన్న పైపు ముక్క, దాని అడుగున మూత. పైపు కొసల్లో మర మరకీ గ్యాసు లైన్లకు వాడే పేస్టు రాసింది. మొదటి మరలు మాత్రం వదిలేసింది, పేస్టు లోపలికి పోకుండా. చివరి బిగింపు దగ్గర ఒక రెంచి అక్కకు ఇచ్చింది.

"ఆ పక్క గట్టిగా పట్టుకో. నేను ఇటు తిప్పుతుంటే హీటరు వాల్వు మెలిపడకూడదు."

అక్క పట్టుకుంది. బిగింపు పూర్తయ్యేదాకా వదల్లేదు.

హీటరు వైపు కాక్ మూసి, పైపులో గాలి ఎక్కించి ఒత్తిడి చూపే గేజీ పెట్టారు. ముల్లు కదల్లేదు. ఆ తర్వాత గ్యాసు వదిలి, కాక్ తెరిచి, కీలు కీలుకీ సబ్బునురుగు రాసి చూసింది. ఒక్క బుడగా లేవలేదు. వెలిగించగానే మంట నీలంగా, నిలకడగా పట్టింది. చలికి ముడుచుకుని బయట నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు.

అప్పుడే సోఫా కొనడానికి ఒకాయన వచ్చాడు. వాకిట్లో బావ ఆయనతో గొంతు పెంచి చెబుతున్నాడు: "పెద్ద ప్రమాదం తప్పిందండీ. క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో. నేను ముందే తలుపు దగ్గరికి దూకబట్టి సరిపోయింది!"

లోపల అందరికీ వినబడింది. ఫిట్టరమ్మకు మంట చూసినప్పటి భయం కంటే ఈ మాట విన్నప్పుడు కలిగిన రోతే ఎక్కువనిపించింది. ఒళ్ళంతా జిడ్డు పూసినట్టయింది.

"టీ పెట్టిస్తానుండు" అంది అక్క.

"వద్దే. ఇప్పుడేదీ గొంతు దిగదు. నీ మోచేతికి కట్టు కట్టించుకుందాం పద."

అక్క మాట మాత్రం నిలబడింది. ఆ రోజు నుంచి బావ షెడ్డు గడప తొక్కలేదు. తొక్కబోయినప్పుడల్లా స్పాంజి తాత కోసే కత్తి ఆపి ఆయన వంక చూసేవాడు. అది చాలేది. బేరాలు తేవడం, సామాను మోయించడం, వాకిట్లో కూర్చుని గొప్పలు చెప్పుకోవడం, ఇవే ఆయన పనులయ్యాయి. అక్క ఆయన్ని మళ్ళీ 'మీరు' అనలేదు.

ఫిట్టరమ్మ ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తుంటుంది. ఆయన "ఏంటి మరదలా" అంటూ ఏదో ఒక జోకు వేస్తాడు. ఆమె విననట్టు చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతుంది.